ఈజిప్టులో డప్పు చాటింపు

ఏప్రిల్ 17, సోమవారం నాడు జనగామలోని పదో తరగతి మూల్యాంకన శిబిరంలో సాంఘిక శాస్త్రం చీఫ్ ఎగ్జామినర్‌గా చేరాను. అప్పటికి నేను టేకుమట్ల మండలంలోని ఒక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. నెల, తేదీ డైరీలో ఉన్నవే. సంవత్సరం మాత్రం రాయడం లేదు. రాస్తే ఇందులోని పిల్లలను గుర్తుపట్టడం సులువవుతుంది. వాళ్ళ బడి గార్ల చుట్టుపక్కల ఉందని చెబితే చాలు.

శిబిరంలో పని ఎలా జరుగుతుందో బయటివారికి పెద్దగా తెలియదు. జవాబు పత్రం మీద హాల్‌టికెట్ నంబరున్న భాగాన్ని ముందే చించి, దాని బదులు కోడ్ వేసి, కట్టలుగా పంపుతారు. పత్రం ఏ జిల్లాదో, రాసింది ఎవరో దిద్దేవారికి తెలియదు. ఒక్కో బల్ల దగ్గర కొందరు అసిస్టెంట్ ఎగ్జామినర్లు ఎర్ర సిరాతో దిద్దుతారు. వాళ్ళు దిద్దినవాటిలో కొన్నింటిని చీఫ్ ఎగ్జామినర్ ఆకుపచ్చ సిరాతో మళ్ళీ చూడాలి. అందరి ముందూ ఒకే ‘కీ’ ఉంటుంది. ఏ ప్రశ్నకు ఏ అంశాలు రావాలో, ఏ అంశానికి ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. జవాబు ఎంత బాగున్నా, అంశం లేకపోతే దాని మార్కు లేదు.

ఆ ఏడాది ప్రశ్నల్లో ఒకటి సూయజ్ కాలువను జాతీయం చేసిన ఈజిప్టు నాయకుని గురించి. ఆయన పాలనను సమీక్షించాలి. తరువాత యుద్ధంలో ఓడి రాజీనామా చేసినప్పుడు ప్రజలు ఆయనను వెనక్కి పిలవడం సమంజసమో కాదో సొంత అభిప్రాయం రాయాలి. ‘కీ’లో నాలుగు అంశాలున్నాయి: రాజును దించి భూములకు పరిమితి పెట్టడం, కాలువను జాతీయం చేయడం, యుద్ధాలు, చివరగా తనను వ్యతిరేకించిన వారిని జైళ్ళలో పెట్టడం. అభిప్రాయం ఏదైనా సరే, కారణం చూపితే మార్కులు.

పాఠ్యపుస్తకంలో ఆయన కథ రెండు పేజీలకు మించదు. తపాలా శాఖ ఉద్యోగి కొడుకు సైన్యంలో చేరి కర్నల్ అయ్యాడు. తోటి అధికారులతో కలిసి రాజును దేశం దాటించాడు. పెద్ద ఆనకట్టకు ఇస్తామన్న అప్పు పాశ్చాత్య దేశాలు ఇవ్వమనేసరికి, కాలువ మా దేశానిదేనని ప్రకటించాడు. మూడు దేశాలు మీద పడ్డాయి, వెనక్కి పోయాయి. అరబ్బులందరిదీ ఒకే జాతి అన్నాడు. సిరియాతో కలిసి ఒకే రాజ్యం కట్టాడు, అది మూడేళ్ళే నిలిచింది. మూడు దేశాలు దాడి చేసిన పదకొండేళ్ళకు మరో యుద్ధంలో ఘోరంగా ఓడి రాజీనామా చేస్తే, జనం వీధుల్లోకి వచ్చి వద్దన్నారు. ఆయన ఆగాడు. తరువాత చెప్పబోయే పిల్లలు ఆయనను ‘కర్నల్’ అనే పిలిచారు. నేనూ అలాగే రాస్తాను.

నా బల్ల దగ్గర వెంకట్‌రెడ్డి అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఘనపూర్ వైపు వ్యవసాయ కుటుంబం, మాట దురుసు, పని ఖచ్చితం. రెండో రోజు ఉదయం ఒక పత్రం పట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

“మేడం, జర గిది సూడుండ్రి. కాలువ మనదేనని ఈజిప్టుల ఊరూరా డప్పు కొట్టిచ్చి చాటింపు ఏసిండంట. మన డప్పును విమానం ఎక్కిచ్చి తీస్కపోయిండా ఏంది!”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కర్నల్ ఆ ప్రకటన ఒక బహిరంగ సభలో చేశాడు. రేడియోలో దేశమంతా విన్నది. డప్పు సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. తరువాతి పత్రంలోనూ చాటింపు ఉంది. దాని తరువాతదానిలోనూ ఉంది. నాలుగో పత్రానికి వెంకట్‌రెడ్డి నవ్వడం మానేశాడు. కట్టలో సగానికి పైగా పత్రాల్లో అదే తప్పు ఉంది. ఇంకొకటి నేను గమనించాను: వాటిలో ఒక్కదానిలోనూ జైళ్ళ ప్రస్తావన లేదు.

మా వృత్తిలో ఒక లెక్క ఉంది. ఇరవై మంది ఒకే ఒప్పు రాస్తే దానికి అర్థం పాఠం బాగా చెప్పారని. ఇరవై మంది ఒకే తప్పు రాస్తే చిట్టీ తిరిగిందని. ఒప్పుకు పుస్తకం ఆధారం, తప్పుకు ఆధారం పక్కవాడు. అందరూ ఒకే అంశం వదిలేయడం ఆ అనుమానాన్ని బలపరుస్తుంది, ఎందుకంటే చిట్టీలో లేనిది పత్రంలోకి రాదు. నిబంధన ప్రకారం క్యాంపు అధికారికి సీల్డు కవరులో నివేదిక ఇచ్చాను. ‘సామూహిక కాపీయింగ్ జరిగినట్లు అనుమానం’ అన్నది అందులోని వాక్యం. ఆ వాక్యానికి ఫలితం ఏమిటో తెలిసే రాశాను: విచారణ తేలేదాకా ఆ బడి పిల్లల ఫలితాలు ఆపుతారు, తేలితే పరీక్ష రద్దవుతుంది, గదిలో పర్యవేక్షణ చేసినవారు సస్పెండ్ అవుతారు.

మే రెండో వారంలో ఫలితాలు వచ్చాయి. కోడ్‌లను బట్టి బడిని గుర్తించి దాని ఫలితాలు ఆపారు. నాలుగు రోజులకు నాకు విచారణాధికారిగా ఉత్తర్వు అందింది. సబ్జెక్టు నాది, పత్రాలు చదివిందీ నేనే కాబట్టి నన్నే పంపుతున్నట్లు అందులో ఉంది. దానితో పాటు పత్రాల నకళ్ళు, ఏ కోడ్ ఏ విద్యార్థిదో తెలిపే జాబితా సీలు వేసి ఇచ్చారు. ఒక విషయం ఉత్తర్వులో లేదు గాని, ఆ బడి ప్రధానోపాధ్యాయుడు ఫోనులో చెప్పాడు. తండాకు చెందిన సరిత అనే అమ్మాయి మిగతా అన్ని సబ్జెక్టుల్లో బడికి మొదటిది. ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే సీటు ఇస్తారు. నెలాఖరుకు దరఖాస్తు గడువు ముగుస్తుంది. ఆపిన ఫలితంతో దరఖాస్తు పెట్టడం కుదరదు. మరుసటి ఏడాది రాద్దామంటే, మొదటి ప్రయత్నంలో పాసైనవారికే అవకాశం.

సెలవులు కనుక బడి మూసి ఉంది. తండాలో తునికాకు పని నడుస్తోంది. ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోయి ఆకు తెంపి, మధ్యాహ్నం వరకు కట్టలు కట్టి, సాయంత్రం ఆకు కొనే కల్లంలో అప్పజెబుతారు. అందుకని వాళ్ళు అడవి నుంచి తిరిగొచ్చే వేళ చూసి విచారణ పదకొండు గంటలకు పెట్టుకున్నాం. నేను వెళ్ళేసరికి పిల్లలు రేకుల షెడ్డు కింద కూర్చుని ఉన్నారు. కొందరి వేళ్ళకు ఇంకా ఆకు జిగురు ఉంది. తల్లిదండ్రులు గోడ పక్కన నిలబడ్డారు.

ముందు సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు బానోతు రవిని ఆఫీసు గదిలో విడిగా అడిగాను. ముప్పై అయిదేళ్ళుంటాయి. అతనూ అలాంటి తండా నుంచే వచ్చినవాడు. కాగితం ముందు పెట్టి డప్పు ఎక్కడిదని అడిగితే తల పట్టుకున్నాడు.

“అది నేను పెట్టిందే మేడం. పాఠం చెప్తే రెండు దినాలకు మర్చిపోతున్రు. ఆట కట్టిపిస్తే మర్వరు. గందుకే కర్నల్ కథను ఆట చేసిన, మా లంబాడీ భాషల. కాలువ సంగతి రేడియోల చెప్పిండని నాకు తెల్సు. గని ఒకడు రేడియో ముంగట నిలబడి మాట్లాడితే చూసేటోళ్ళకు ఏముంటది? డప్పు పెట్టిన.”

అది నిజం కాదని పిల్లలకు చెప్పారా అని అడిగాను.

“చెప్పిన అనుకున్న మేడం,” అన్నాడు. కాగితం తిప్పి చూసి, “చెప్పలేదు కావచ్చు,” అన్నాడు.

నమ్మదగిన జవాబే. కాని విచారణాధికారికి నమ్మకం సరిపోదు. నేను వస్తున్నట్లు వీళ్ళకు వారం ముందే తెలుసు. వారంలో ఒక నాటకం అల్లి పిల్లలకు నేర్పడం కష్టమేమీ కాదు. పత్రాల్లో ఒకరు డప్పు అన్నారు, ఒకరు దండోరా అన్నారు, ఒకరిద్దరు నగారా అన్నారు. ఇంటి భాషలో ఆడినదాన్ని ఎవరికి వారు తెలుగులో పెట్టుకున్నందువల్ల అలా జరిగి ఉండవచ్చు. తెలివైనవాడు చిట్టీలోని మాట మార్చి రాసినా అలాగే ఉంటుంది. అది రుజువు కాదు. ముందుగా నేర్పించడానికి వీలులేనిది ఏదైనా కావాలి.

బయటకు వచ్చి, ఆట ఆడి చూపమన్నాను. రవిని ఆఫీసు గదిలోనే ఉండమన్నాను. ఇంకో షరతు పెట్టాను: తెలుగులో ఆడాలి.

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. “తెలుగుల అయితే నవ్వొస్తది మేడం,” అంది ఒక పిల్ల. రానివ్వండి అన్నాను.

సరితే కర్నల్. సన్నగా, పొడుగ్గా ఉంటుంది, నవ్వదు. తెలుగులో ఆడవలసి వచ్చేసరికి ప్రతి మాటకూ వెతుక్కోవలసి వచ్చింది. రాజు వేషం వేసిన పిల్లవాడు ఓడ ఎక్కుతూ, “నా సామాన్లు జర మంచిగ సదురుండ్రి,” అన్నాడు. అది ఆటలో లేదట; అందరూ నవ్వారు. భూముల ఘట్టంలో ఒక పిల్లవాడు దొరలా కూర్చుంటే మిగతావాళ్ళు తాడుతో అతని చుట్టూ నేల కొలిచారు. చాటింపు వచ్చింది. మూడు దేశాల సైన్యం వచ్చి పోయింది. రెండో యుద్ధంలో కర్నల్ ఓడాడు. సరిత ముందుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, “నేను ఓడిన. తప్పు నాది. కుర్సీ ఇడ్సిపెడ్తున్న,” అంది. మాటలు వెతుక్కోలేదు.

అక్కడ ఆట ఆగింది. తరువాత ఏమిటని అడిగాను. ఇక్కడ జనం ఎవరికి తోచింది వాళ్ళు చేస్తారని చెప్పారు. కర్నల్ రావాలనేవాళ్ళు నల్లా వైపు, పోనిమ్మనేవాళ్ళు మెట్ల వైపు పోయి నిలబడతారు. రవి ఆట కట్టించినప్పుడల్లా ఆ ఘట్టాన్ని పిల్లలకే వదిలేసేవాడట. ఎటు ఎక్కువమంది ఉంటే ఆ రోజు ఆట అలా ముగుస్తుంది.

పెన్ను కింద పెట్టి, “సరే, నిలబడండి,” అన్నాను.

ముందు రోజు రాత్రి నకళ్ళన్నీ చదివి, ఏ పిల్ల ఏ అభిప్రాయం రాసిందో, కారణమేమని చెప్పిందో రాసి పెట్టుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చిట్టీ నుంచి రాసినవాడికి రెండు నెలల కింద తాను రాసిన అభిప్రాయం గుర్తుండదు. అది తనది కాదు కాబట్టి. నేర్పి తెచ్చిన పిల్లలైతే అందరూ ఒకే వైపు నిలబడతారు, లేదా పెద్దలు చెప్పిన వైపు నిలబడతారు. ఇక్కడ గుంపు ఇంచుమించు సగానికి చీలింది. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి కారణం అడిగాను. పత్రంలో రాసిన వైపే నిలబడ్డారు. కారణాలూ అవే, మాటలు వేరు.

ఒక్కడి లెక్క కుదరలేదు. వినోద్ అనే పిల్లవాడు పత్రంలో పిలవాలనే రాశాడు; ఇప్పుడు మెట్ల వైపు ఉన్నాడు. ఎందుకని అడిగితే మొదట భయపడ్డాడు. తరువాత చెప్పాడు.

“అప్పుడు పిల్వాలె అనే రాసిన మేడం. పరీచ్చలు అయినంక మా నాయినకు గీ కథ చెప్పిన. ‘తప్పైందని దిగిపోయేటోన్ని దిగనియ్యాలె. మల్ల కూసుండవెడ్తే ఎన్నడన్న దిగుతడా?’ అన్నడు. ఆయన మా సర్పంచు మీద కోపంతోని అన్నడు గని, నాకు నిజమే అనిపిచ్చింది.”

గోడ పక్కన తండ్రి తల దించుకున్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆ ఒక్క తేడా నాకు మిగతా అన్ని పోలికలకంటే ఎక్కువ ఉపయోగపడింది. నేర్పి తెచ్చిన సాక్షి మనసు మార్చుకోడు.

ఇంకొక ప్రశ్న మిగిలింది. మీలో ఒక్కరు కూడా జైళ్ళ సంగతి ఎందుకు రాయలేదని అందరినీ కలిపి అడిగాను. పుస్తకంలో ఉంది, ‘కీ’లోనూ ఉంది. సరిత చెప్పింది.

“ఆటల జైలు ఉండె మేడం. సార్ పెట్టిండు. గని అండ్ల కూసునేటోళ్ళకు మాటలు లెవ్వు. మాటల్లేని వేషం ఎవలు కడ్తరు? ఎవలు రాలె. గందుకని తీసేసిన్రు.”

అప్పుడే గోడ దగ్గరి నుంచి ఆమె తల్లి ముందుకు వచ్చింది. తలకు ఇంకా రుమాలు ఉంది, ఒడిలో తునికాకు కట్టలు కట్టే పీచులు ఉన్నాయి.

“మేడం, తిట్టినా మంచిదే, ఒక మాట అడుగుత. కాపీ కొట్టేటోళ్ళు పుస్తకం ఇప్పుకోని కొడ్తరు గద. అన్ని కొట్టి గదొక్కటి ఇడ్సిపెడ్తరా? మార్కులు మోయరాని మోపైతయా వాళ్ళకు?”

ప్రధానోపాధ్యాయుడు ఆమెను ఆపబోయాడు. వద్దన్నాను. ఏ లోపాన్ని నేను కాపీకి సాక్ష్యంగా నివేదికలో రాశానో, దాన్నే ఆమె తిరగేసి నా ముందు పెట్టింది. ఆ కోణం నుంచి నేను చూడలేదు. ఆమె వాదన పూర్తి రుజువు కాదు. చిట్టీ రాసినవాడు కూడా మరిచిపోవచ్చు. కాని నా మొదటి వాదన కూడా అంతకంటే గట్టిది కాదు.

“మా బిడ్డ సీటు పోతదా?” అని అడిగింది. నేను నిర్ణయించేది కాదని, నివేదిక మాత్రం రేపే ఇస్తానని చెప్పాను. నిజం అంతే.

వెళ్ళే ముందు నా కుతూహలం కొద్దీ సరితను అడిగాను. ఆమె పత్రంలో ప్రజలు పిలవడం సరైనదే అని ఉంది. ఓడినవాణ్ణి పిలవడం ఎలా సరైనది?

“గెలిచిండని పిల్వలె మేడం. ఆయన పోతె ఇంకెవలొస్తరో తెల్వక పిలిచిన్రు. భయంతోని పిలిచిన్రు. భయపడుడు తప్పెట్ల అయితది?”

అరబ్బు జాతీయవాదం గురించి నేను ఇరవై ఏడేళ్ళు పాఠం చెప్పాను. ఆ నాయకుణ్ణి జనం ఎందుకు అంతగా పట్టుకున్నారో పిల్లలకు చెప్పేటప్పుడు కాలువ, ఆనకట్ట, భూములు అనే చెబుతూ వచ్చాను. ఓటమి నాటి జనాన్ని ప్రేమ అనే ఒక్క మాటతో దాటేసేదాన్ని. ఈ పిల్ల కర్నల్ స్థానంలో నిలబడి జనం వైపు చూసింది కనుక ఆమెకు భయం కనిపించింది. ఆయన వారసత్వం మీద పెద్దవాళ్ళు ఈ నాటికీ రెండు వైపులా వాదిస్తూనే ఉన్నారు. ఆయన భూమి పంచిన ఊళ్ళలో ఒక మాట, ఆయన జైళ్ళలో మగ్గినవారి ఇళ్ళలో ఇంకో మాట వినిపించడం సహజం. రెండో మాట పిల్లల దాకా రాకపోవడానికి ఎంత చిన్న కారణం చాలునో రేకుల షెడ్డు కింద చూశాను. ఆ వేషానికి డైలాగు రాయలేదు, అంతే.

నివేదిక ఆ సాయంత్రమే మహబూబాబాద్‌లో ఒక హోటల్ గదిలో కూర్చుని రాశాను. మరునాడు ఆఫీసు తెరవగానే అందజేశాను. కాపీయింగ్ జరిగినట్లు ఆధారం లేదని, ఒకే తప్పు రావడానికి బోధనలో చేర్చిన కల్పన కారణమని, అభిప్రాయాలు స్వతంత్రమని విడివిడిగా రాసి, నిలుపుదల ఎత్తివేయాలని సిఫారసు చేశాను. మార్కులు మార్చమని మాత్రం రాయలేదు. చాటింపు వాక్యానికి మార్కు లేదు, రాయని అంశానికి మార్కు లేదు. కల్పించిన ఘట్టాన్ని పిల్లలకు కల్పన అని చెప్పి తీరాలని రవికి లిఖితపూర్వక సూచన ఇవ్వాలన్నాను. అతను దాన్ని సంతకం చేసి తీసుకున్నాడట. ఆట మానేయమని ఎవరూ చెప్పలేదు, నేనూ రాయలేదు.

ఫలితాలు విడుదల చేస్తూ ఉత్తర్వు గడువుకు ముందు రోజు మధ్యాహ్నం వచ్చింది. ఆ రోజు సాయంత్రమే మీసేవలో సరిత దరఖాస్తు పెట్టించారు. మొదటి జాబితాలో ఆమె పేరు లేదు. సాంఘికంలో ఒక గ్రేడు తగ్గింది. రెండో జాబితాలో వచ్చింది. ప్రధానోపాధ్యాయుడు ఫోను చేసి చెప్పినప్పుడు పక్క నుంచి తల్లి గొంతు వినిపించింది. ఏమంటోందని అడిగాను. “ఇంత పరేషాన్ చేసినంక మొదటి లిస్టుల రావద్దా అంటోంది మేడం,” అన్నాడు.

వెంకట్‌రెడ్డికి నేనే చెప్పాను. “పిలగాండ్లు ఒడ్డున పడ్డరు, మంచిదైంది. గని మేడం, మనం దిద్దింది రైటే గద?” అని అడిగాడు. రైటే అన్నాను. దిద్దడం వరకు రైటే.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నంత కాలం నాకు ఇలాంటి విచారణలు మరో రెండు వచ్చాయి. ఒకదానిలో చిట్టీ దొరికింది, పరీక్ష రద్దయింది. రెండింటిలోనూ నేను గార్ల పద్ధతే వాడాను: తప్పు గురించి తరువాత అడుగుతాను, ముందు అభిప్రాయం అడుగుతాను. ఇరవై పత్రాల్లో ఒకే తప్పు ఉంటే వాటి మూలం ఒకటేనన్నది ఇప్పటికీ నిజమే. ఆ మూలం జేబులోదా, తరగతి గదిలోదా అన్నది కట్ట విప్పి చూస్తే తెలియదు. బడి దాకా వెళ్ళి అడగాలి.